నేలకు దిగిన రథం

2003 ఫిబ్రవరి 5. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి మందిరం బయట గోడకు నీలిరంగు తెర కట్టి ఉంది. తెర వెనక ఉన్నది పికాసో ‘గెర్నికా’ చిత్రాన్ని నేసిన పెద్ద వస్త్రపటం. స్పెయిన్‌లో ఒక చిన్న ఊరి మీద విమానాలు బాంబులు కురిపించాక వేసిన బొమ్మ అది. చచ్చిపోయిన బిడ్డను చేతుల్లో పెట్టుకుని, తల వెనక్కి వాల్చి, ఆకాశం కేసి ఏడుస్తున్న తల్లి అందులో ఉంటుంది. రాయబారులు విలేఖరులతో మాట్లాడేది సరిగ్గా ఆ గోడ ముందే. కెమెరాలకు వెనక సాదా రంగు ఉంటే బాగుంటుందని అధికారులు కారణం చెప్పారు. ఆ పూట లోపల మాట్లాడబోయే మనిషి మాత్రం ఒక యుద్ధం ఎందుకు తప్పదో చెప్పడానికి వచ్చాడు.

ఆయన కోలిన్ పావెల్. అమెరికా విదేశాంగ మంత్రి పదవిలో కూర్చున్న మొదటి నల్లజాతి మనిషి. అంతకు ముందు త్రివిధ దళాల అధిపతులకు పెద్దగా, అంటే జాయింట్ చీఫ్స్ ఛైర్మన్‌గా పనిచేసిన మొదటి నల్లజాతి సేనాని. ఇంకా ముందు రీగన్ దగ్గర జాతీయ భద్రతా సలహాదారు. అక్కడా ఆయనే మొదటివాడు. పావెల్ అన్నాడంటే నిజమే అయి ఉంటుందని అమెరికాలో రెండు పార్టీలవాళ్లూ అనుకునేవారు. యుద్ధం వద్దని వీధుల్లోకి వచ్చిన యూరప్‌లో కూడా ఆయన మాటకు విలువుండేది. పంపింది అందుకే.

భారతంలో ద్రోణుడు భీముడి మాట నమ్మలేదు. అశ్వత్థామ చచ్చాడని భీముడు ఎంత గొంతు చించుకున్నా, ముల్లోకాలు ఇస్తామన్నా అబద్ధమాడడని పేరుపడ్డ ధర్మరాజు నోట వింటే తప్ప విల్లు దించనన్నాడు. ధర్మరాజు చెప్పాడు. అంతవరకు నేలకు నాలుగు అంగుళాల పైన నడిచిన ఆయన రథం ఆ క్షణాన నేలకు దిగింది. పావెల్ గురించి తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ రథమే గుర్తొస్తుంది. అయితే ఇద్దరికీ ఒక తేడా ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

గెర్నికా మీద బాంబులు పడటానికి సరిగ్గా మూడు వారాల ముందు, 1937 ఏప్రిల్ 5న, న్యూయార్క్ హార్లెంలో పుట్టాడు పావెల్. తల్లిదండ్రులు జమైకా నుంచి బతుకుతెరువుకు వచ్చినవాళ్లు. తండ్రి లూథర్ బట్టల వ్యాపారపు పేటలో సరుకు పంపే గుమాస్తా, తల్లి కుట్టుపని చేసేది. పెరిగింది సౌత్ బ్రాంక్స్‌లో, కెల్లీ వీధిలో. కుర్రతనంలో ఒక వేసవి పెప్సీ కర్మాగారంలో పనికి కుదిరితే, తెల్ల కుర్రాళ్లను సీసాలు నింపే యంత్రాల దగ్గర నిలబెట్టి నల్ల కుర్రాళ్ల చేతికి తుడుపుకర్ర ఇచ్చారు. నేల శుభ్రంగా తుడిచాడు. మరుసటి వేసవికి యంత్రం దగ్గర నిలబడ్డాడు. ఇచ్చిన పని ఏదైనా సరే, వంక పెట్టకుండా అందరికంటే బాగా చేసిపెట్టడం ఆయనకు అప్పుడే అబ్బింది. జీవితమంతా ఆయన్ని మోసింది ఆ గుణమే. చివరికి ముంచింది కూడా అదేనని నేననుకుంటాను.

సిటీ కాలేజీలో భూగర్భశాస్త్రం చదివాడు. మార్కులు అంతంత మాత్రం. కానీ మన ఎన్‌సీసీ లాంటి ఆఫీసర్ల శిక్షణ దళంలో చేరి యూనిఫాం తొడుక్కున్న రోజున తన చోటేదో తనకు తెలిసిపోయింది. 1958లో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. అమెరికా సైన్యంలో నల్లవాళ్లను, తెల్లవాళ్లను వేరుగా ఉంచే పద్ధతిని ట్రూమన్ రద్దు చేసింది 1948లో. అంటే ఆయన చేరేనాటికి పదేళ్లు. బయటి సమాజం ఇంకా అంత దూరం రాలేదు. దక్షిణాది సైనిక స్థావరంలో లోపల ఉన్నంతసేపు ఆయన అధికారి. గేటు దాటితే ఏ హోటల్లో భోజనం పెడతారో, ఏ హోటల్లో పొమ్మంటారో చూసుకుని నడవాలి.

1962 ఆగస్టులో ఆల్మా జాన్సన్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆ డిసెంబర్‌లోనే వియత్నాం పంపారు. అ షౌ లోయ అడవుల్లో వెదురు మేకు పాదంలో దిగి ఆయన నెత్తురు కారుస్తున్న 1963లో, ఆల్మా చంటి కొడుకుతో అలబామా రాష్ట్రం బర్మింగ్‌హాంలో పుట్టింట్లో ఉంది. నల్లజాతి పిల్లల మీదికి పోలీసులు కుక్కల్ని ఉసిగొల్పిన ఊరు అదే, సంవత్సరమూ అదే. ఆమె తండ్రి రాత్రుళ్లు తుపాకీ పట్టుకుని ఇంటికి కాపలా కాశాడు. అల్లుడు దేశం తరఫున ప్రపంచానికి అవతల పోరాడుతున్నాడు, మామ ఆ దేశంలోనే తన గుమ్మం దగ్గర కాపలా ఉన్నాడు.

తిరిగొచ్చాక జార్జియాలోని ఫోర్ట్ బెన్నింగ్ సైనిక స్థావరంలో ఉన్నాడు. 1964లో ఒక సాయంత్రం ఆకలై, పక్కనున్న కొలంబస్‌లో కారులో కూర్చునే తినే దుకాణం దగ్గర ఆగాడు. హాంబర్గర్ అడిగాడు. వడ్డించే అమ్మాయి ఆయన్ని చూసి, ప్యూర్టోరికో మనిషివా అని అడిగింది. కాదన్నాడు. ఆఫ్రికా నుంచి చదువుకోవడానికి వచ్చావా అంది. కాదు, నేను నీగ్రోని, అమెరికావాణ్ణి, సైన్యంలో ఆఫీసర్నని చెప్పాడు. అయితే లోపలి నుంచి తెచ్చివ్వలేను, వెనక కిటికీ దగ్గరికి రా, ఎవరూ చూడకుండా ఇస్తానంది. పరాయి దేశం నల్లవాడికైతే పెట్టొచ్చు, సొంత దేశం నల్లవాడికి పెట్టకూడదు. నాకంత ఆకలిగా లేదని చెప్పి ఆయన బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆ జూలైలో పౌరహక్కుల చట్టం వచ్చింది. అప్పుడు అదే దుకాణానికి వెళ్లి, ముందువైపే కూర్చుని హాంబర్గర్ తిన్నాడు. గొడవ చేయలేదు, అలాగని మరిచిపోనూ లేదు. చట్టం మారేదాకా ఆగి, మారగానే తనకు రావలసింది తీసుకున్నాడు. ఆ ఓర్పును చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఈ కథను ఇష్టంగా చెప్పేవాళ్లు దాటేసే పేజీ ఒకటుంది. 1968లో మేజర్‌గా రెండోసారి వియత్నాం వెళ్లాడు. కూలిన హెలికాప్టర్ మండుతుంటే లోపల చిక్కుకున్నవాళ్లను లాగి బయటపడేసి సాహస పతకం తెచ్చుకున్నాడు. ఆయన పనిచేసిన డివిజన్‌లోని ఒక సైనికుడు, మనవాళ్లు వియత్నాం పల్లెల్లో జనాన్ని హింసిస్తున్నారని పై అధికారులకు ఉత్తరం రాశాడు. విచారించి జవాబు తయారుచేసే పని పావెల్‌కు అప్పగించారు. ఆ సైనికుణ్ణి పిలిచి మాట్లాడకుండానే, మన సైనికులకూ వియత్నాం ప్రజలకూ సంబంధాలు చక్కగా ఉన్నాయని రాసిచ్చాడు. ఆయన రాకముందే, ఆ మార్చిలో, ఆ డివిజన్ సైనికులే మై లై ఊళ్లో వందల మంది ఆడవాళ్లను, పిల్లలను, ముసలివాళ్లను చంపారు. లోకానికి అది తెలిసింది తర్వాతి ఏడాది. పైవాళ్లు అడిగిన కాగితాన్ని పైవాళ్లకు నచ్చేలా పూర్తిచేసి ఇచ్చిన ఆ చెయ్యిని గుర్తుపెట్టుకోవాలి.

ఆ తర్వాత మెట్లు చకచకా ఎక్కాడు. 1989 అక్టోబర్‌లో యాభై రెండేళ్లకే జాయింట్ చీఫ్స్ ఛైర్మన్. మరుసటి ఆగస్టులో సద్దాం హుస్సేన్ కువైట్‌ను ఆక్రమించాడు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి పనికి వెళ్లిన మనవాళ్లు ఎందరో అక్కడ చిక్కుకుపోయి, ఎడారి దాటి అమ్మాన్ చేరి, ఎయిరిండియా విమానాల్లో ఇల్లు చేరుకున్న రోజులవి. రేడియో వార్తల్లో పావెల్ పేరు మన పల్లెలు విన్నది కూడా అప్పుడే. 1991 ఫిబ్రవరిలో నేల మీది యుద్ధం వంద గంటల్లో ముగిసింది. కువైట్ ఖాళీ అయింది. బాగ్దాద్ మీదికి పోదామన్నవాళ్లకు ఆయన వద్దని చెప్పాడు. వియత్నాంలో కాలు పెట్టి, ఎందుకొచ్చామో తెలియకుండా చచ్చిన తన తరంవాళ్లను చూసినవాడు ఆయన. లక్ష్యం ఏమిటో తేలకుండా, ప్రజలు వెనక లేకుండా, బయటికొచ్చే దారి చూసుకోకుండా సైన్యాన్ని పంపకూడదు, పంపితే తిరుగులేని బలంతో పంపాలి అనేది ఆయన పట్టు. లోకం దానికి పావెల్ సిద్ధాంతం అని పేరు పెట్టింది.

1995లో ఆయన అధ్యక్ష పదవికి నిలబడితే గెలుస్తాడని అమెరికా అంతా అనుకుంది. ఆల్మా భయపడింది. నల్లవాడు ఆ పదవికి పోటీపడితే ఎవడో ఒకడు తుపాకీ ఎక్కుపెడతాడని ఆమె భయం. బర్మింగ్‌హాంలో పెరిగిన ఆడమనిషికి ఆ భయం ఊరికే రాలేదు. నవంబర్ 8న విలేఖరుల ముందుకొచ్చి, ఆ పిలుపు తనకు లోపలి నుంచి వినిపించడం లేదని చెప్పి పక్కకు తప్పుకున్నాడు.

2001లో జార్జి బుష్ విదేశాంగ శాఖ ఇచ్చాడు. సెనేట్ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. 2002లో భారత్, పాకిస్థాన్ సైన్యాలు సరిహద్దులో ఎదురెదురుగా నిలబడిన నెలల్లో రెండు రాజధానుల మధ్య తిరిగి మంట చల్లార్చినవాళ్లలో ఆయనా ఒకడు. కానీ సొంత ప్రభుత్వంలో ఉపాధ్యక్షుడు డిక్ చెనీ, రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ ఒకవైపు, ఆయన ఇంకోవైపు. వాళ్లకు ఇరాక్ మీద యుద్ధం కావాలి. 2002 ఆగస్టు 5న రాత్రి భోజనం వేళ బుష్‌తో, కొండలిజా రైస్ ఎదుట, మనసులో ఉన్నదంతా చెప్పాడు. ఆ దేశాన్ని పగలగొడితే ఆ రెండున్నర కోట్ల మంది బాగోగులు మీ నెత్తినే పడతాయన్నాడు. ముందు ఐక్యరాజ్యసమితికి వెళ్దామన్నాడు. ఆ మాట నెగ్గింది. నవంబర్ 8న భద్రతామండలి 1441వ తీర్మానాన్ని పదిహేనుకు పదిహేను ఓట్లతో ఆమోదించింది. సిరియా సైతం చెయ్యెత్తింది. ఆ గెలుపు ఆయన ఓపికదే.

2003 జనవరి 13న బుష్ ఆయన్ని పిలిచాడు. పావుగంట కూడా పట్టని మాటలు. యుద్ధం చేయాలా వద్దా అని అడగలేదు. నిర్ణయం అయిపోయింది, నాతో ఉంటావా అని అడిగాడు. ఉంటానన్నాడు పావెల్. ఈ కథలో రథం చక్రం నేలను తాకిన ఘడియ నా దృష్టిలో ఇదే. ఫిబ్రవరి 5 దానికి దండోరా మాత్రమే. ముప్పై అయిదేళ్లు సైన్యంలో బతికినవాడు. అక్కడ సేనాపతి నిర్ణయించేదాకా వాదించవచ్చు, నిర్ణయించాక జెండా పట్టుకుని ముందు నడవాలి. మంత్రికి వేరే దారి ఉంది. రాజీనామా రాసి ఇంటికి పోవచ్చు. ఆ దారి ఆయనకు యుద్ధంలో వదిలేసి పారిపోవడంలా కనిపించి ఉంటుంది.

జనవరి చివర్లో, సమితిలో వాదన నువ్వే వినిపించాలని అధ్యక్షుడు చెప్పాడు. ఇరాక్ దగ్గర భయంకరమైన ఆయుధాలున్నాయని వాదించే నలభై ఎనిమిది పేజీల చిత్తుప్రతి చెనీ కార్యాలయం నుంచి వచ్చింది. అందులోని మాటలకు ఆధారం ఎక్కడుందో వెతుకుతూ పోతే చాలా చోట్ల ఏమీ దొరకలేదు. ఆ కాగితాల్ని పక్కన పడేసి, తన ముఖ్య సహాయకుడు లారెన్స్ విల్కర్సన్ బృందంతో లాంగ్లీలోని సీఐఏ కార్యాలయంలో కూర్చున్నాడు. పగలూ రాత్రీ అదే పని. ఆ వారాంతంలోనే, ఫిబ్రవరి 1న, కొలంబియా అంతరిక్షనౌక ఆకాశంలో ముక్కలైంది. కల్పనా చావ్లా కోసం మన ఇళ్లలో కన్నీళ్లు పెట్టుకుంటున్న గంటల్లో, లాంగ్లీలో వాక్యం తర్వాత వాక్యం కొట్టేస్తున్నారు, దిద్దుతున్నారు, మళ్లీ పెడుతున్నారు. ఒకసారి ఆయన విసుగొచ్చి కాగితాలు గాల్లోకి ఎగరేసి, ఈ చెత్త చదవనన్నాడని అప్పటి పత్రికలు రాశాయి. తన శాఖలోని గూఢచార విభాగమే, ఈ ఈ మాటలు నిలబడవని ఒకటికి రెండుసార్లు రాసి పంపింది. వాటిలో చాలా తీసేశాడు. అన్నీ తీయలేదు.

మిగిలిపోయినవే ఆయన్ని ముంచాయి. లారీల మీద తిరిగే జీవాయుధ ప్రయోగశాలలు ఉన్నాయన్నది ఒక మాట. దాని మూలం జర్మనీకి పారిపోయి వచ్చిన ఒక ఇరాకీ ఇంజనీరు. గూఢచారులు అతడికి ‘కర్వ్‌బాల్’ అని మారుపేరు పెట్టుకున్నారు. జర్మన్లు అతణ్ణి అమెరికావాళ్లకు విచారణకు ఇవ్వలేదు. అతడి మీద అనుమానాలున్నాయని పైవాళ్లకు చెప్పానని సీఐఏ యూరప్ విభాగాధిపతి టైలర్ డ్రమ్‌హెల్లర్ తర్వాత అన్నాడు. మా దాకా రాలేదన్నారు పైవాళ్లు. పావెల్ దాకా అయితే రాలేదు. తానాడింది అబద్ధమని ఆ ఇంజనీరే 2011లో ఒప్పుకున్నాడు. సద్దాంకూ అల్‌ఖైదాకూ సంబంధం ఉందన్నది ఇంకో మాట. ఆ భాగం మనసొప్పడం లేదు, తీసెయ్యమని పావెల్ తనతో అన్నాడని విల్కర్సన్ చెప్పాడు. కాసేపటికే కొత్త వాంగ్మూలం దొరికిందని కబురొచ్చింది. అది ఇబ్న్ అల్ షేఖ్ అల్ లీబీ అనే ఖైదీది. ఈజిప్టు చెరలో దెబ్బలకు తాళలేక చెప్పిన ఆ మాటల్ని అతడు తర్వాత వెనక్కి తీసుకున్నాడు.

ఇప్పుడు ఆ తేడా సంగతి. ధర్మరాజుకు నిజం తెలుసు. చచ్చింది ఏనుగని తెలిసే, ఆ ముక్క లోగొంతుకలో గొణిగాడు. పావెల్ విషయంలో ‘కుంజరః’ అనే ఆ చిన్న ముక్కను కింది కాగితాల్లోనే మింగేశారు. ‘బహుశా’లు, ‘అనుమానమే’లు, ‘నమ్మదగినవాడు కాదు’లు ఒక్కో మెట్టు దగ్గర రాలిపోయి, ఆయన చేతికి వచ్చేసరికి అన్నీ గట్టి నిజాలుగా మిగిలాయి. ఆయన్ని అబద్ధాలకోరు అనలేను. కానీ అంతా చీకట్లో ఉంచారనీ అనలేను. కొంత ఆయన చెవినా పడింది.

ఆ రోజు సమితిలో గంటా పదిహేను నిమిషాలు మాట్లాడాడు. సీఐఏ అధిపతి జార్జి టెనెట్‌ను పట్టుబట్టి తన వెనక కుర్చీలో కూర్చోబెట్టుకున్నాడు. చెప్పే ప్రతి మాటకూ గట్టి ఆధారం ఉందన్నాడు. ఇరాకీ అధికారుల మాటల టేపులు వినిపించాడు. ప్రయోగశాలల లారీలకు ఫొటోలు లేవు కాబట్టి గీసిన బొమ్మలు చూపించాడు. ఇరాక్ కొన్న అల్యూమినియం గొట్టాలు అణుబాంబు కోసమా, మామూలు రాకెట్ల కోసమా అని నిపుణుల్లో వివాదం ఉందని ఒప్పుకుంటూనే, నేను నిపుణుణ్ణి కాను, పాత సైనికుడిగా చెబుతున్నా, రాకెట్లకు ఇంత నునుపు అక్కర్లేదన్నాడు. ఆ ఒక్క వాక్యం చదివినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. గొట్టాల సంగతి చెప్పింది శాస్త్రం కాదు, ఆయన తొడుక్కున్న యూనిఫాం. ఇక ఆ చిన్న గాజుసీసా. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, ఇందులో ఉన్నపాటి ఆంత్రాక్స్ పొడి ఉత్తరంలో వస్తేనే 2001లో మా సెనేట్ మూతపడిందని చెప్పాడు. సీసాలో ఉన్నది ఏ హానీ లేని తెల్లటి పొడి. లోకానికి జ్ఞాపకం ఉండిపోయిన ఫొటో మాత్రం అదే.

మర్నాడు వాషింగ్టన్ పోస్ట్ తన సంపాదకీయానికి ‘తిరుగులేనిది’ అనే అర్థమిచ్చే శీర్షిక పెట్టింది. అనుమానంతో ఊగిసలాడిన అమెరికన్లు ఎందరో ఆ ప్రసంగం విని అవునంటే అవునన్నారు. భద్రతామండలి మాత్రం కదల్లేదు. మార్చి 20న బాగ్దాద్ మీద బాంబులు పడ్డాయి.

ఆయుధాలు దొరకలేదు. ఇవే ఆ ప్రయోగశాలలు అని పట్టుకున్న లారీలు బెలూన్లలోకి హైడ్రోజన్ నింపేవని తేలింది. 2004 జనవరిలో, వెతకడానికి వెళ్లిన డేవిడ్ కేయే సెనేట్ ముందుకొచ్చి, మనమంతా దాదాపు పొరబడ్డామని చెప్పాడు. యుద్ధం సాగిన ఏళ్లలో లక్షకు పైగా ఇరాకీ పౌరులు చనిపోయారు. నాలుగు వేల నాలుగు వందల మందికి పైగా అమెరికా సైనికులు శవపేటికల్లో తిరిగొచ్చారు. లక్ష్యమేమిటి, బయటికొచ్చే దారేది అని అడగమని ఒక తరానికి నేర్పినవాడు, ఆ రెండూ లేని యుద్ధానికి తన పేరు అరువిచ్చాడు.

బుష్ రెండోసారి గెలిచిన వారానికి, 2004 నవంబర్ 10న, రాజీనామా పంపమని ఫోన్ వచ్చింది. చేసింది అధ్యక్షుడు కాదు, ఆయన ముఖ్య సహాయకుడు ఆండ్రూ కార్డ్. మాట కాదనకుండా నలభై ఏళ్లు కొలువు చేసిన మనిషికి ఎదురుగా కూర్చోబెట్టి చెప్పే మర్యాద కూడా దక్కలేదు. మరుసటి సెప్టెంబర్‌లో టెలివిజన్‌లో బార్బరా వాల్టర్స్ అడిగితే, అది నా జీవితం మీద పడ్డ మచ్చ, ఎప్పటికీ నా పేరుతోనే ఉంటుంది, ఇప్పటికీ బాధిస్తోంది అన్నాడు. విల్కర్సన్ అయితే ఆ ప్రసంగంలో తన పాత్ర తన జీవితంలోకెల్లా హీనమైనదని బాహాటంగా చెప్పాడు. పావెల్ ఎన్నడూ అంత దూరం పోలేదు. తప్పు సమాచారం ఇచ్చారన్నాడు, ముందే పసిగట్టి ఉండాల్సింది అన్నాడు, కానీ యుద్ధమే తప్పని నిండు నోటితో అనలేకపోయాడు. ఆ ఒక్క మాట కోసం ఎదురుచూసిన వాళ్లలో నేనూ ఉన్నాను.

2008 అక్టోబర్ 19న, తన పార్టీని కాదని ఒబామాకు మద్దతు చెప్పిన రోజున, ఒక ఫొటో గురించి మాట్లాడాడు. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో కొడుకు సమాధిరాయికి తల ఆన్చి కూర్చున్న తల్లి. రాయి మీద శిలువ లేదు, నెలవంక, నక్షత్రం ఉన్నాయి. కొడుక్కి ఇరవై ఏళ్లు. ముస్లిం అనే మాటను తిట్టులా వాడుతున్న సొంత పార్టీవాళ్లకు బుద్ధి చెప్పడానికి ఆ ఫొటోను తెచ్చాడు. అంత నిండుగా, అంత ఆర్ద్రంగా ఆ రోజుల్లో ఆ మాట చెప్పిన నాయకుడు మరొకడు లేడు. ఆ కుర్రాడు ప్రాణం పోగొట్టుకున్నది ఇరాక్‌లో.

2021 అక్టోబర్ 18న, ఎనభై నాలుగేళ్ల వయసులో, వాల్టర్ రీడ్ ఆసుపత్రిలో కోవిడ్‌తో పోయాడు. అప్పటికే రక్త కేన్సర్ ఒంట్లో శక్తిని తినేసింది. తన మరణవార్తలో ఆ ప్రసంగానికి పెద్ద పేరానే దక్కుతుందని తానే ముందు రాసుకున్నాడు, అలాగే జరిగింది. నవంబర్ 5న వాషింగ్టన్ నేషనల్ కెథడ్రల్‌కు బైడెన్, ఒబామా, బుష్ వచ్చారు. సైనిక వాద్యబృందం ఆయనకిష్టమైన బాబ్ మార్లీ పాట వాయించింది. పాత వోల్వో కార్ల కింద దూరి రిపేర్లు చేసుకుంటూ మురిసిపోయిన మనిషి గురించి అయినవాళ్లు చెప్పుకున్నారు.

బాగ్దాద్‌లో ఒకప్పుడు బుష్ మీదికి బూట్లు విసిరిన విలేఖరి ముంతధర్ అల్ జైదీ కూడా ఆ చావు గురించి రాశాడు. ఇరాక్‌లో చేసిన నేరాలకు విచారణ ఎదుర్కోకుండానే పావెల్ పోయినందుకు తనకు బాధగా ఉందన్నాడు. కెల్లీ వీధిలో పెరిగి, వెనక కిటికీ దగ్గర చెయ్యి చాపనని వెళ్లిపోయిన ఆ యువకుడి కోసం నాకు ఇప్పటికీ దుఃఖం వస్తుంది. జైదీ మాటకు అడ్డు చెప్పడానికి మాత్రం నాకు నోరు రావడం లేదు.